పులికొవ్వుతో నడిచిన కారు

అనంతగిరి ఘాటు ఎక్కి అరకు సంతకు పోయే బండ్లన్నీ ఆగే చోటు ఒక్కటే, రాజులమ్మ అంబలి కొట్టు. కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు, గడ్డి కప్పు, మట్టి అరుగు, అరుగు ముందు ఒక నెగడు. ఆ నెగడు పక్కన పనసదుంగ ఒకటుంది. మంచు కురిసే పొద్దుటిపూట ఆ దుంగ మీద కూర్చున్నవాడికి ఒళ్ళు వెచ్చబడుతుంది, పైగా రాజులమ్మ గరిటెలోంచి మొదటి చోడంబలి వాడి డొప్పలోనే పడుతుంది. రెండు శీతాకాలాలుగా ఆ దుంగ బండి గంగరాజుది. ఎవరో రాసిచ్చింది కాదు, పులి కథ చెప్పి సంపాదించుకున్నాడు.

దముకు అడవిలో బండికి పులి అడ్డొస్తే, చక్రం సీల ఊడబీకి దాంతోనే పొడిచి చంపానని ఆ కథ. చెప్పినప్పుడల్లా పులి ఒక జానెడు పెరిగేది. దాని గోరని చెప్పి మెడలో ఒకటి కట్టుకు తిరిగేవాడు కూడా. రాజులమ్మ మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, గంగరాజు పెళ్ళాన్ని పోగొట్టుకున్నవాడు. మారుమనువు మాట రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూనే రెండు శీతాకాలాలు వెళ్ళదీశాడు. ఈలోగా తాతారావు ఊడిపడ్డాడు.

తాతారావు శృంగవరపుకోట బేరగాడు, చింతపండూ పిప్పళ్ళూ కొనడానికి కొండెక్కుతుంటాడు. ఈసారి చంకలో ఒక ఇత్తడి బూర పెట్టుకుని వచ్చాడు. దాని తోకకి రబ్బరు బుడ్డి ఉంది, నొక్కితే పాం అంటుంది. జర్మనీ యుద్ధం ముగిసి కొన్నేళ్ళయినా, కొండమీద కారును కళ్ళారా చూసినవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు, విన్నవాళ్ళే అందరూ. అందుకని ఆ పొద్దున్న గంగరాజు ఎడ్లను గుంజకి కట్టి వచ్చేసరికి కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. దుంగ మీద తాతారావు కూర్చుని ఉన్నాడు. గంగరాజుకి ఒళ్ళు మండిపోయింది. మండినా ఏం లాభం, వెళ్ళి తేనె అమ్ముకునే సుక్రు పక్కన తడినేల మీద గొంతుక్కూర్చున్నాడు.

తాతారావు మొదట్లో బుద్ధిగానే చెప్పాడు. శృంగవరపుకోటలో ఒక కాంట్రాక్టరు పాత కారు కొట్టంలో పడి ఉందట, సీట్లలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయట. ఇంజను పట్టేసిందని ఎవరూ ముట్టుకోకపోతే, తను బండికెక్కించి ఇంటికి తోలుకొచ్చాడట. పెరట్లో గోనెలు పరిచి, ఇంజనును ముక్క ముక్కగా విప్పి, తుప్పుకి చింతపండు పులుసు రాసి, కిరసనాయిల్లో నానబెట్టి, వాల్వులకి ఇసుకా ఆముదమూ కలిపి నూరాడట.

"ఇంట్లో ఆడదిక్కు నేదు కదా, పెరడంతా ఇంజను పరిసినా ఇదేటని అడిగీవోళ్ళు నేరు," అని రాజులమ్మ వైపు ఓ చూపు విసిరాడు.

ఇంతవరకూ నమ్మదగ్గ మాటలే. గంగరాజుకి కడుపుమంట అందుకే. అబద్ధమైతే పట్టుకోవచ్చు, నిజంలా ఉన్నదాన్ని ఏం చేస్తాడు? పైగా రాజులమ్మ గరిటె కుండలో వదిలేసి అరుగు చివరికొచ్చి నిలబడింది.

"ఆ తరవాత ఏటైనాదో తెల్సా? ఇంజను బిగించీసినాను, పెట్రోలు నేదు, కోటంతా తిరిగినా బొట్టు దొరకనేదు, ఇంక సేసీదేటుంది, ఇంట్లో ఉన్న ఇప్పసారా కుండెత్తి పోసీసినాను, హేండిలు ఒక్క తిప్పు తిప్పినానో నేదో బుర్రుమన్నాది, గానీ తాగింది సారా కదా, వీధిలో అటోపాలి ఇటోపాలి తూలుకుంటా పోయి, జీలుగుసెట్టు కనబడితే సాలు దానంతటదే ఆగిపోయీది. కల్లు దించీవోడు దిగిందాకా కదిలీది కాదు, ఒట్టు."

సుక్రు పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. గంగరాజు ఆ నవ్వు చూసి లోపల్లోపలే ఉడికిపోయాడు. రెండు శీతాకాలాలు పులిని చంపితే ఈ మనిషి "అలాగా" అనేదే గాని, ఒక్కసారి నవ్విన పాపాన పోలేదు. వీడేమో ఒక పొద్దుటిపూట వచ్చి, ఇంత సారా ఒలకబోసి నవ్వించేశాడు.

ఎలాగైనా వీణ్ణి పట్టుకోవాలి. గంగరాజు బండివాడు, ఇనుమూ ఇరుసూ తెలిసినవాడు. అడగాల్సిన ప్రశ్న అతనికి తట్టింది.

"ఒరే తాతారావు, కందెన నేకపోతే నా బండి ఇరుసే కిర్రుమంటాది. ఘాటెక్కీసరికి సలసలా కాగిపోయీ ఇంజనుకి నువ్వేటి పూసినావు?"

జనం తాతారావు వైపు తిరిగారు. తాతారావు మొహం చింకి చేటంత చేసుకుని, దుంగ మీంచి వంగి గంగరాజు భుజం మీద చెయ్యేశాడు.

"ఇంకెవలిది మావా, నీ పులి కొవ్వే! నువ్వు పొడిసీసి దులుపుకుని ఎల్లిపోనావు కదా, ఎనకమాల నానొచ్చి కుండలకెత్తుకున్నాను. అంత పులిని సంపినోడికి కొవ్వేటి లెక్క? దాని తోలు కోసి ఇంజను ఫేనుకి బెల్టేసినాను. గంగరాజు మావ పులి అబద్ధమైతే నా కారూ అబద్ధమే, ఏటర్రా?"

ఔనౌనన్నారు అందరూ. పులి సంగతి ఆ కొండ చుట్టూ తెలియనిదెవరికి? గంగరాజు కాదంటే మెడలో గోరు పోతుంది, దుంగ పోతుంది, ఉన్న కాస్త పరువూ పోతుంది. చివరికి తలే ఊపాడు. తన పులిని తన కళ్ళముందే కోసుకుపోతుంటే తలూపిన మగాడు తనొక్కడే అయి ఉంటాడని ఏడుపొచ్చింది కూడా.

సాక్షి దొరికాక తాతారావుని పట్టేవాళ్ళేరీ? పులికొవ్వు తాగిన ఇంజను పాం అనడం మానేసి గాండ్రించడం మొదలుపెట్టిందన్నాడు. మేకల మంద కనిపిస్తే దీపాలార్పి పొదల చాటున పొంచి కూర్చునేదన్నాడు. నీళ్ళ గెడ్డ అడ్డొస్తే నాలుగు చక్రాలూ ముడుచుకుని ఒక్క దూకు దూకేదట. బొర్రా గుహల్లో ఇటు దూరి అటు తేలిందట, లోపలి గబ్బిలాలు ఇప్పటికీ ఆ పొగకి దగ్గుతున్నాయట. అక్కణ్ణించి గాలికొండ నెత్తికెక్కితే నీళ్ళ అవసరమే లేకపోయిందట, మూత తీసి పెడితే మబ్బే వచ్చి రేడియేటరులో కూర్చుందట.

"కొండ నెత్తి మీంచి ఇశాపట్నం సముద్రం కనబడతంది, సల్లగాలి కొడతంది, నా పక్క సీటు సూత్తే కాళీ. బూరుగుదూది కూరి మెత్తగా కుట్టించినాను దాన్ని. ఎవలికనుకున్నారు? రాజులమ్మకే."

గంగరాజు మెడలో గోరు పట్టుకుని రాజులమ్మ వైపు చూశాడు.

"ఓలమ్మ, నానెక్కితే కొట్టెవలు సూత్తారు?" అంది రాజులమ్మ.

కొట్టునే కారు వెనక కట్టి లాక్కుపోదామన్నాడు తాతారావు. అంత జోరుగా పోతే అంబలి ఒలికిపోదా అని ఆమె అడిగింది. నవ్వులాటకి అడగలేదు, ఆ సీట్లో కూర్చుని ఒళ్ళో కుండ పట్టుకున్నదానిలాగే అడిగింది. గంగరాజు ఇంక తట్టుకోలేకపోయాడు. దిగ్గున లేచాడు.

"పులి నేదు," అన్నాడు.

తాతారావు బూర మీద చెయ్యి ఆగిపోయింది. "ఏటన్నావు మావా?"

"పులి నేదన్నాను. నాను సంపనేదు, సూడనైనా సూడనేదు. ఈ గోరు ఎలుగ్గొడ్డుది, సంతలో కొన్నాను." పుటుక్కున తాడు తెంపి గోరును నెగట్లో పారేశాడు. "పులి నేకపోతే కొవ్వెక్కడిది? కొవ్వు నేకపోతే నీ ఇంజనెలాగ తిరిగినాదిరా?"

గోరు నిప్పుల్లో చిటపటమంది. సుక్రు మెల్లగా, అయితే ఆ బూరెక్కడిదని అడిగాడు. తాతారావు తలొంచుకున్నాడు. కాంట్రాక్టరు కొట్టంలో కారున్న మాట నిజమేనట, కోళ్ళూ నిజమేనట, మిగతాదంతా తుప్పుపట్టి కదలకపోతే వదులుగా ఉందని బూర ఒక్కటీ పీక్కొచ్చాడట. జనం విరగబడి నవ్వారు. తాతారావు దుంగ మీంచి లేచి, నవ్వే జనం వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

గంగరాజుకి ప్రాణం లేచొచ్చింది. పులి పోతే పోయింది, కారూ పోయింది. దుంగ మీద దర్జాగా కూర్చుని, రాజులమ్మ తేబోయే మొదటి గరిటె కోసం డొప్ప చాచాడు.

రాజులమ్మ గరిటెతో వచ్చింది. డొప్పలో మాత్రం పొయ్యలేదు.

"పులి నేదని నాకెప్పుడో తెల్సు," అంది. "ఆ కారు నేదనీ తెల్సు. గానీ గంగరాజూ, ఆ నేని కారులో నాకో సీటుంది. రెండు సలికాలాలు నీ పులి కత ఇన్నాను. ఒక్కనాడైనా, అందులో ఓ సెట్టు సాటునైనా, నన్ను నిలబెట్టినావా?"

గంగరాజు తన కథంతా మనసులో తిరగేశాడు. పులి ఉంది, సీల ఉంది, ఎడ్లున్నాయి, అడవి మొత్తం ఉంది. ఎంత వెతికినా ఆ కథలో ఎక్కడా రాజులమ్మ లేదు. అంబలి వెళ్ళి తాతారావు డొప్పలో పడింది. ఆమె అతని చేతిలోంచి బూర తీసుకుని, ఎలా నొక్కాలో అడిగి, రెండు చేతులా నొక్కింది.

పాం!

గుంజకి కట్టిన గంగరాజు ఎడ్లు బెదిరి, పలుపులు తెంపుకుని, మంచులోకి ఘాటు కిందికి పరుగు తీశాయి. డొప్ప పారేసి, పంచె ఎగ్గట్టి గంగరాజు వాటి వెనక పడ్డాడు. మలుపు తిరుగుతుండగా వెనక నుంచి తాతారావు గొంతు మళ్ళీ వినబడింది.

"ఆ తరవాత ఏటైనాదో తెల్సా, రాజులమ్మా?"

"ఏటైనాది?" అంది రాజులమ్మ.