వీ తర్వాత ణ

"అమ్మమ్మా, నువ్వు ఫస్ట్ రాసిన ప్రోగ్రామ్ ఏంటి?"

ఆ ఫోను కాస్త దగ్గర పెట్టు, రికార్డవుతోందా? ఆఁ. తెలుగు టైపు చేసే ప్రోగ్రామే తల్లీ. ఒక్కదాన్నే రాశా. మీ అమ్మకి అప్పుడు ఐదేళ్లు... కాదు కాదు, ఆరు, ముందు పళ్లు ఊడిపోయాయిగా.

కంప్యూటర్ తాతయ్య కొన్నారు. ఆ డబ్బు పెడితే అప్పట్లో పాత కారొచ్చేది, తెలుసా! దాంట్లో ఒకసారికి ఒక్క ప్రోగ్రామే నడిచేది. అయితే కొన్ని బుల్లి ప్రోగ్రాములు పైకి కనపడకుండా మెమరీలో తిష్ట వేసుక్కూచునేవి. వాటి మీట నొక్కితే చాలు, ఏ పనిలో ఉన్నా మధ్యలో ఊడిపడేవి. తాతయ్యకి అలాంటి క్యాలిక్యులేటర్ ఒకటి. అకౌంటెంట్ కదా, అదంటే ప్రాణం. నా తెలుగుదీ ఆ రకమే. ఇంకేముంది, రెండింటికీ పడేది కాదు.

ఆదివారం తెలుగు క్లాసు పిల్లలకి వాళ్ల పేర్లతోనే వాచకం చేస్తున్నా. రవి వచ్చాడు, లత వచ్చింది. మీ అమ్మ పేరు దగ్గరికొచ్చేసరికి, ఆల్ట్ పట్టుకుని ఎన్ నొక్కితే ణ పడాలి కదా? తాతయ్య క్యాలిక్యులేటర్ లేచేదీ దాంతోనే! వీ కొట్టి ణ నొక్కడం, అది ఊడిపడ్డం, మిషను బిగుసుకుపోవడం. మీ అమ్మ పక్కనే నిలబడి చూసి, "నా పేరు తెలుగులో రాదులే, ఇంగ్లీష్‌లో పెట్టెయ్" అంది. ఎంత పౌరుషమొచ్చిందే నాకు! నా కూతురి పేరు తెలుగులో రాకపోవడమేంటి?

తాతయ్యేమో, "న పెట్టెయ్యవోయ్, ఈ దేశంలో అందరూ వీనా అనేగా పిలిచేది" అన్నారు. ఆ రోజు ఆయనకి కాఫీ ఇవ్వలేదు. ఇచ్చాలే, చల్లారింది ఇచ్చా.

చివరికి కిటుకు పట్టా. మెమరీలోకి ఆఖర్న ఎక్కించిన ప్రోగ్రాముకే నొక్కిన మీట ముందు అందుతుంది. నేనేమో నాదే ముందు ఎక్కిస్తున్నా! ఆయనది ముందు, నాది తర్వాత ఎక్కించా. తెలుగు కొడుతున్నంతసేపూ ఆ మీట నాది, ఆపగానే ఆయనకి వదిలెయ్యమని రాశా. పడింది ణ! ప్రింటర్ గీరుకుంటూ గీరుకుంటూ అచ్చేసింది. మీ అమ్మ ఆ కాగితం స్కూల్‌కి పట్టుకెళ్లి, "వీనా కాదు, వీణ" అని టీచర్‌కి నాలిక మడిచి చూపించిందిట!

నీ ఫోన్‌లో అమ్మ పేరెలా ఉందే? ఇంగ్లీష్‌లోనా? ఏదీ, మార్చు. వీ... దాని పక్కన... ఆఁ, అదే. ఎంత తేలిగ్గా పడిందో చూడు. చల్లగా ఉండు తల్లీ... ఏదీ, అమ్మ పేరు ఒకసారి పైకి అను.