నా ఒక్కని టికెట్టు

లేదక్కా, లొల్లేం గాలే. కొట్లాడి అచ్చిన అనుకుంటున్నవా? కొట్లాడాలంటే ఇంట్ల ఎవలన్న ఉండాలె గదా.

నీ అనుమానం తప్పేం లేదు. ఐతారం పూట తమ్ముడు ఫోను గూడ చెయ్యకుండ కోరుట్లకెళ్ళి వెల్గటూరు దాక అచ్చి నీ ఇంటి గల్మల నిలవడ్డడంటే ఎవ్వలైనా అట్లనే అనుకుంటరు. ఉన్న ముచ్చట గిది. నీ మరదలు సుధ ఇంట్ల లేదు. నా బిడ్డ స్రవంతి లేదు. మనల కన్న అవ్వ గూడ లేదు. ముగ్గురు ఆడోళ్లు పొద్దుగాల్నే బస్సెక్కి సిరిసిల్లకు పోయిండ్రు.

ముందుగాల జర అన్నం పెట్టు. ఉన్నదే పెట్టు, నా కోసం మళ్ల వండకు. తినుకుంట చెప్త.

నా బుద్ధి నీకు తెల్వంది గాదు. పైసల కాడ చెయ్యి జర గట్టిదే. గని మొన్నటి దాక మనిషి లెక్కనే ఉన్న. ఈ ఏడాది కాలువ నీళ్లు మంచిగచ్చి బోర్ల మోటర్లు కాలుడు తగ్గింది. రైతులకు మంచిదే. కాలిన మోటర్లకు తీగె చుట్టే నా వైండింగ్ దుకాణంల మాత్రం పనిలేక కూసునుడే అయింది. కూసున్నోడు ఊకుంటడా? ఫోను చూస్తడు. అండ్ల ఒకాయన తెల్లంగి ఏసుకొని చెప్తడు, ఇంట్ల పైసలు పెద్ద ఖర్చులకు పోవట, చిన్న చిన్న బొక్కలల్లకెళ్ళి కారిపోతయట. గా మాట నాకు మందోలె ఎక్కింది. ఇంటికి పోయిన కాన్నుంచి బొక్కలు దేవులాడుడు షురూ చేసిన.

ఫ్రిజ్జు రాత్రంతా ఎందుకు నడువాలె అని బందు పెట్టిన. తెల్లారి పాలు ఇరిగినయి. పాపం సుధ ఆ ఇరిగిన పాలల్ల చక్కెరేసి కోవా లెక్క ఏదో చేసింది. నేను అది తినుకుంట, చూసినవా, నష్టమేం లేదు, మిఠాయి ఖర్చు గూడ తప్పింది అన్న. గట్ల అన్న మనిషిని ఆమె ఏం జెయ్యాలె చెప్పు?

టీవీ రీచార్జ్ బందు పెట్టిన. అవ్వ సీరియల్ కోసం ఎదురింటికి పోవుడు మొదలువెట్టింది. ఆడ్నే ఛాయ్ తాగి అచ్చేది. మనింట్ల ఒక కప్పు ఛాయ్ మిగిలిందని నేను లోపల్లోపల ఖుష్. నవ్వు, నవ్వు. నాకు ఇప్పుడు నవ్వస్తుంది, అప్పుడు రాలే.

మామిడికాయ తొక్కు సంగతి నీకు ఎరుకే. నీకు గూడ ఒక డబ్బ పంపిన గదా. ఏమైంది? తినలేదా? మంచి పని చేసినవ్.

గా కాయలు గాలివానకు రాలినయి. జగిత్యాల మార్కెట్ల సగం ధరకే ఇస్తున్నరు. సంచి నింపుకొని అచ్చిన. అవ్వ ఒక కాయ చేతిల పట్టి ఒత్తి చూసి, దెబ్బ తిన్న కాయ తొక్కుకు పనికి రాదురా అన్నది. ముక్కలు కొట్టినంక దెబ్బ ఎవలికి కనవడ్తదవ్వా అన్న. ఆగుతనా? సుధ నూనె పోస్తుంటే పక్కన నిలవడి, చాలు చాలు, కారం మునిగితే చాలన్న. నెల తిరగలే, జాడీ నిండ బూజు. అవ్వ మూత తీసి చూసింది. నా దిక్కు చూసింది. మళ్ల మూత పెట్టింది. తిట్టినా అయిపోతుండె.

గింత పప్పు ఎయ్యి. ఆ, చాలు.

గివన్ని ఒక ఎత్తు, స్రవంతి ముచ్చట ఒక ఎత్తు. కాలేజీల దోస్తులందరు కరీంనగర్ దిక్కు నీళ్ల పార్కుకు పోయచ్చిండ్రట. అది నన్ను ఒక్కసారే అడిగింది, మనం గూడ పోదామా బాపూ అని. నేను ఊకున్ననా? నీళ్లల్ల ఆడుడే గదా బిడ్డా, మనకు కాలువ లేదా అన్న. అని, గా ఐతారం అందర్ని పిక్నిక్‌కు తీస్కపోయిన. ఎట్ల తీస్కపోయిన్నో అడుగు. మల్లాపూర్ దిక్కు మోటర్లు ఏసుకపోయే ట్రాలీ ఉంటే అండ్లనే ఎక్కిచ్చిన. అవ్వ ఒక మోటరును పట్టుకొని కూసున్నది, పసిపిల్లగాన్ని పట్టుకున్నట్టు.

కాలువ కట్టమీద చాప పరిచి పులిహోర ముందట పెట్టుకున్నమో లేదో, కొమురయ్య అని ఒక రైతు బండి ఆపిండు. మోటరు లేస్తలేదు, జర చూడు మహిపాలన్నా, అన్నడు. గిట్ల పోయి గట్ల అస్త అని సుధకు చెప్పి పోయిన. ఆడ స్టార్టర్ విప్పుడు, కేబుల్ మార్చుడు, పొద్దుగూకింది. తిరిగచ్చి చూస్తే కట్టమీద ఎవ్వలు లేరు. ఇస్తరాకులకు చీమలు పట్టినయి. కాలువల నీళ్లు జోరుగ పోతున్నయి, పిల్ల కాలు గూడ పెట్టలేదని తర్వాత తెలిసింది.

ఇంటికి పోయి ఏం జేసిన్నో తెలుసా? కొమురయ్య ఇచ్చిన పైసలు తీసి చూపెట్టి, ఎవలన్న పిక్నిక్‌కు పోతే ఖర్చయితది, మనకు లాభమచ్చింది అన్న. నవ్వుతరు అనుకున్న. సుధ లేచి వంటింట్లకు పోయింది. స్రవంతి దుప్పటి కప్పుకొని అటు తిరిగి పన్నది.

గా తర్వాత ఏములాడ గుడికి మొక్కున్నదని సుధ అన్నది. అగో, అప్పుడు మెరిసింది నా తెలివి. ఇప్పుడు సర్కారు బస్సుల ఆడోళ్లకు టికెట్టు లేదాయె. మా ఇంట్ల ముగ్గురు ఆడోళ్లే. అందరం పోతే పైసలయ్యేది ఎవలికి? నా ఒక్కనికే. ఇంట్ల కారే బొక్క అసలు నేనే గదా అని, మీరు పోయి రాండ్రి, నాకు దుకాణంల పనున్నదన్న. ఎంత తెలివి చేసిన్నో అని ఆ రోజంత మురిసిన. ఛాయ్ హోటల్ల నలుగురికి చెప్పిన గూడ.

పొద్దుగూకంగ అచ్చిండ్రు. గల్లీ మొదట్లనే వాళ్ల నవ్వులు వినవడ్డయి. తలుపు తీస్తే అవ్వ నల్లద్దాలు పెట్టుకొని ఉన్నది. మన అవ్వనే అక్కా. గుడి ముందట స్రవంతి కొనిపిచ్చిందట. మోకాళ్ల నొప్పులని కిరాణం దుకాణం దాక నడువని మనిషి, నల్లద్దాలు పెట్టుకొని, ఎట్లున్న కొడుకా అని అడుగుతది. నాకు చప్పున నవ్వు రాలే. ఎంతవెట్టి కొన్నరు అన్న. అద్దాలు తీసి డబ్బల పెట్టుకున్నది.

ఇగ అక్కన్నుంచి ప్రతి ఐతారం గదే. సుధ బీడీలు చేసిన పైసలు ఉంటయి, బస్సుకు ఖర్చు లేదు, ఇంగేం అడ్డం? ఒకసారి ఏములాడ, ఒకసారి సిరిసిల్లల సుధ చెల్లె స్వప్న ఇంటికి. నేనే తెరిచిన తలుపు. మూసుడు నాతోని కాలే.

పోతే పోనీ అనుకున్న. అసలు తిప్పలు ఏందంటే, ఇంటికచ్చినంక గూడ వాళ్లు ఆ బస్సులనే ఉంటున్నరు. అన్నం తినుకుంట స్రవంతి ‘కోతి’ అంటది. అంతే. అవ్వకు అన్నం కొరవోయి దగ్గస్తది, సుధ కండ్లల్ల నీళ్లస్తయి నవ్వి నవ్వి. ఏం కోతి అని అడుగుత. ఏం లేదు తీ, నువ్వు ఆడ ఉంటే తెలుస్తుండె, అంటది సుధ. కోపంతోని గాదు, మామూలుగనే అంటది. నా ఇంట్ల, నా పళ్లెం ముందట కూసోని, నేను సుట్టపోన్ని లెక్క మొఖాలు చూసుడు.

ఆఖరికి పట్టలేక, ధర్మపురికి నేను గూడ అస్తనన్న. ముగ్గురు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. రా మరి అన్నది అవ్వ.

బస్సుల టికెట్టు తీసుకున్నది నేనొక్కన్నే. సీటు దొరికింది వెనుక టైరు మీద. వాళ్లు ముందట కూసున్నరు. నవ్వులు వినవడ్తయేమో అని తొవ్వ పొడుగూత చెవులు నిక్కవెట్టిన. వినవడలే. దర్శనమైనంక గోదారి ఒడ్డుకు పోతుంటే మిర్చి బజ్జీల బండి కనవడ్డది. స్రవంతి నిలవడ్డది. బజ్జీల దిక్కు చూసింది. తర్వాత నా మొఖం చూసింది. వద్దు తీ, నడువుండ్రి, అన్నది.

నేనేం అనలే అక్కా. ఒట్టు. నోరు గూడ తెరువలే.

తిరిగచ్చేటప్పుడు జగిత్యాల బస్టాండుల అవ్వను తోలుకొని సుధ నీళ్ల కోసం పోయింది. నేను, బిడ్డ బల్ల మీద కూసున్నం. నేనున్నప్పుడు మీరెందుకు నవ్వరు అని అడిగిన.

“తిడితవా బాపూ?” అన్నది.

“తిట్ట. చెప్పు.”

“నువ్వేం అనవు. నువ్వు అనకముందే మేమే లెక్క చేసుకుంటం. ఇది వద్దు, అది వద్దు అని. చేసి చేసి యాష్టకచ్చి నవ్వే రాదు. నువ్వు లేనప్పుడు గూడ మేం ఎక్కువేం కొనం బాపూ. ఒక్క పొట్లం బజ్జీలు ముగ్గురం తింటం. గంతే.”

ఒక్క పొట్లం. ముగ్గురు. నాకంటె పొదుపుగ తిరుగుతున్నరు వాళ్లు, నవ్వుకుంట. మరి నేను ఇన్ని రోజులు ఏం పొదుపు చేసినట్టు?

సరే, మనిషి మారొద్దా? మారిన. ఆ మారుడు గూడ నాకు సక్కగ చాతగాలే. ఆ పై ఐతారం కొండగట్టుకు పోయినప్పుడు జేబు నిండ పైసలు పెట్టుకున్న. బస్సు దిగుడుతోనే అందరికి ఐస్‌క్రీములు. అవి తినకముందే బజ్జీలు. సుధకు గాజులు. అవ్వకు చేతికర్ర. బొమ్మల బండి కాడ స్రవంతికి ఎలుగుబంటి బొమ్మ కొంటున్న, ఇంటర్ రెండో ఏడాది పిల్లకు. అవ్వ నా చెయ్యి పట్టుకొని మెట్ల మీద కూసోవెట్టింది.

“మహిపాలూ, పానం బాగలేదారా? దవాఖానల ఏమన్న చెప్పిండ్రా?”

నవ్వుతున్నవా? నేను గూడ నవ్విన. నేను నవ్వంగనే సుధకు ఇంక భయమైంది. నువ్వు గిట్ల ఎన్నడు చెయ్యలే, ఏం దాస్తున్నవ్ అని ఏడుపు షురూ చేసింది. ఏం లేదే, ఊకెనే కొంటున్న అంటే ఎవలు నమ్మరు. ఊకెనే కొనే మనిషి గాదాయె నేను. ఐస్‌క్రీములన్ని కరిగి చేతులల్లకెళ్ళి కారినయి. దర్శనం గూడ సక్కగ చేసుకోకుండ మొదటి బస్సుకే ఇంటికచ్చినం. తొవ్వంత సుధ నా నెత్తి మీద చెయ్యి పెట్టి చూసుడే, జ్వరమున్నదా అని. తెల్లారి షుగరు, బీపీ అన్ని చూపిచ్చేదాక ఊకోలే. అన్ని మంచిగనే ఉన్నయి. డాక్టర్ ఫీజు దండుగ అన్న. అప్పుడు సుధ పానం నిమ్మలమైంది.

ఇగో, మాట మాట్లాడుకుంట ఎంత తిన్నన్నో చూడు. కొద్దిగ సల్ల ఉంటె పొయ్యి.

ఇయ్యాల్టి సంగతా? చెప్పాల్నంటే శరమైతుంది. నీకు గాకపోతే ఎవలికి చెప్త.

నన్ను రమ్మంటరేమో అనుకున్న. పొద్దుగాల్నే లేచి తానం చేసిన. ఇస్త్రీ అంగీ ఏసుకున్న. బస్టాండు దాక దిగవెడ్త పాండ్రి అని ఎంబడి పోయిన. సిరిసిల్ల బస్సచ్చింది. అవ్వ ఎక్కింది, స్రవంతి ఎక్కింది. సుధ మెట్టు మీద కాలు పెట్టి వెనుకకు మర్రింది. నా పానం లేచచ్చింది. కుక్కర్ల అన్నమున్నది, తిని పండుకో, మొన్ననే పానం బాగలేకుండె, అన్నది. ఏం పానం బాగలేకుండె అక్కా? ఐస్‌క్రీములు కొన్న, గంతే గదా.

బస్సు పోయింది. నేను ఆడ్నే నిలవడ్డ. ఇస్త్రీ అంగీ ఏసుకొని తిరిగి ఇంటికి పోబుద్ధి గాలే. ఎదురుంగ జగిత్యాల బస్సుంటే అండ్ల ఎక్కిన. కండక్టరు ఎక్కడికి అన్నడు. ఏడికి పోవాల్నో నాకే తెల్వది. జగిత్యాల దాక పోయినంక నీ ఊరు యాదికచ్చింది. అక్కనన్న ఇంట్ల ఉంటది గదా అనుకున్న.

అదేందక్కా, నేను గింత బాధ చెప్తుంటే నువ్వు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నవ్?

సుధ ఫోను చేసిందా? ఎప్పుడు?

బాసరకా. అచ్చే ఐతారం. నిన్ను గూడ రమ్మన్నరా. శనారమే అచ్చి మా ఇంట్ల పంటవా.

నలుగురైండ్రన్నట్టు.

పో అక్కా. పోయి రా. నేనెందుకు వద్దంట? ఆధార్ కార్డు మాత్రం మర్చిపోకు, అది లేకుంటే టికెట్టు కొడ్తరు. గా కోతి ముచ్చటేందో అడిగి తెలుసుకో, నాకు చెప్పకున్నా మంచిదే.

గని ఒక్క మాట. బావకు వంట అస్తదా? అడిగి చూడు. అచ్చే ఐతారం ఆయన గూడ ఒక్కడే ఉంటడు గదా. నాకు చూస్తే ఛాయ్ పెట్టుడు గూడ రాదాయె.