ఎవరి మోకాళ్ళు

ఊరు చూపించడానికి అత్తగారినీ, ఆవిడ అక్కనీ వెంటబెట్టుకొచ్చిన కోడలికి ఇది నాలుగో లాడ్జి. వాళ్ళని సోఫాలో కూర్చోబెట్టి, సంచులు దించి కౌంటరు మీద మోచేతులు ఆనించింది.

“కింద గదేమైనా ఉందా బాబూ? ఇద్దరూ పెద్దవాళ్ళు. ఒకరికి డెబ్బై ఆరు, ఇంకొకరికి ఎనభై.”

“ముగ్గురికి సరిపడేది మూడో అంతస్తులోనే ఉందమ్మా. లిఫ్టు పనిచెయ్యట్లేదు.”

“ఖర్మ! మెట్లెక్కితే వాళ్ళ మోకాళ్ళేం కావాలి? పొద్దుట్నుంచీ ప్రతిచోటా ఇదే పాట పాడుతున్నా.”

“కింద ఒంటి మంచం గది ఒకటుంది గానీ, ముగ్గురికీ చాలదు.”

కోడలు పక్కకి తిరిగి చాలాసేపు ఫోనులో వెతికింది.

“సరే, ఇంకో లాడ్జి చూసుకుంటాం. అత్తయ్యా, లేవండి.”

వెనక్కి తిరిగి చూస్తే సోఫా ఖాళీ.

“వాళ్ళిద్దరూ ఏరీ?”

“ఇందాక మీరు ఫోనులో వెతుక్కుంటుంటే తాళం అడిగి పైకెళ్ళారమ్మా. కిటికీలోంచి నది కనిపిస్తుందో లేదో చూస్తామన్నారు.”

“మెట్లెక్కే?”

“ఎక్కేశారు. అదిగో, నవ్వులు వినబడట్లా?”

కోడలు నెమ్మదిగా సోఫాలో కూలబడి, చీర మీదినుంచే మోకాలు నొక్కుకుంది.

“ఆ పై గది వాళ్ళకి రాసెయ్యి. ఒంటి మంచం గది ఇంకెవరికీ ఇవ్వకు.”

“అది ఎవరి పేరున రాయమంటారమ్మా?”

“నా పేరునే. ఎందుకో వాళ్ళకి మాత్రం చెప్పకు.”