ఇల్లు చూసే వరుస

సిడ్నీలో శనివారం పొద్దున. అద్దెకిచ్చే ఫ్లాటు చూడడానికి వచ్చినవాళ్ల వరుస వీధి మలుపు దాటింది. అందులో ఒక కుర్రాడు వెనక్కి తిరిగి, తన వెనకున్న పెద్దావిడతో మాట కలిపాడు.

“ఇంతమందా! ఇల్లు చూడ్డానికా, క్రికెట్ మ్యాచ్‌కా?”

“మ్యాచ్ అయితే కూర్చోడానికి కుర్చీ అయినా ఉండేది బాబూ.”

“ఫొటోల్లో వంటగది బాగుందండీ.”

“వంటగది బాగానే ఉంటుంది. స్నానాలగది గోడకే చలికాలం బూజు పడుతుంది. రైలు వెళ్లినప్పుడల్లా కప్పులు గలగలమంటాయి.”

“నన్ను భయపెట్టి పంపేసి, మీరు కొట్టేద్దామనా?”

“నాకెందుకయ్యా! ఇన్నేళ్లూ అందులో ఉన్నది నేనే. అద్దె పెంచారు, కట్టలేక ఖాళీ చేస్తున్నా.”

“అయ్యో! మరి ఈ వరుసలో ఎందుకండీ?”

“జనం చూసేటప్పుడు నన్ను బయట ఉండమన్నారు. కళ్లజోడు లోపల మరిచిపోయా. తలుపు దగ్గరికెళ్లి అడిగితే, అందరిలాగే వరుసలో రమ్మన్నాడు ఏజెంటు.”