వేర్లు అనాలి

"డ్రైనేజీ మెయిన్ లైను బాగు చెయ్యడం ఏమంత గొప్ప పని కాదులే," అని మొదలుపెట్టాడు గోడౌన్ బాబాయ్, టీ కొట్టు ముందు బల్ల మీద కాళ్ళు మడిచి కూర్చుని. ఆయన గొప్ప కాదులే అన్నాడంటే అరగంట పని మానుకోవాల్సిందేనని అందరికీ తెలుసు. దర్జీ కత్తెర జేబులో పెట్టుకున్నాడు. రిటైరైన మాస్టారు పేపరు మడిచాడు. లోపలి బల్ల దగ్గర టోపీ పెట్టుకున్న మనిషెవరో అటు తిరిగి బన్ను టీలో ముంచుకు తింటున్నాడు. అతన్నెవరూ పట్టించుకోలేదు.

"మొన్న ఆదివారం పొద్దున్న. మీ పిన్ని వంటింట్లో గిన్నెలు కడిగిందా, ఆ నీళ్ళు బాత్రూంలో తేలాయి. బాత్రూంలో నేను చెంబెడు నీళ్ళు పోశానా, వంటింటి తూము గుడగుడమంది. ఇంకొకడైతే కంగారు పడతాడు. నేను పడలేదు. ఒక్కచోట నీళ్ళాగితే పిల్ల లైను, ఇల్లంతా ఆగితే తల్లి లైను. ఇది తల్లి లైనే అన్నాను. 'తల్లో పిల్లో నాకు తెలీదు, సాయంత్రం అయిదులోగా నీళ్ళు పోకపోతే మా అక్క ఇంటికి పోతాను' అంది మీ పిన్ని."

"అది మామూలేగా," అన్నాడు దర్జీ.

"మామూలే. కానీ మామూలుగా సూట్‌కేసు పట్టుకుపోతుంది. ఈసారి కుట్టుమిషన్ వరండాలోకి లాగింది. సూట్‌కేసైతే వారానికి తిరిగొస్తుందిరా. ముప్ఫై ఏళ్ళుగా ఆ మిషన్ చప్పుడు వింటూ నిద్ర లేస్తున్నవాణ్ణి, అది గడప దాటుతుంటే నిజంగానే నా గుండె జారిపోయింది. సరే, అదలా ఉంచండి."

"ఉంచాంలే. లైను సంగతి చెప్పవయ్యా," అన్నాడు మాస్టారు.

"చెబుతున్నా. నేలకి చెవి ఆనించాను. విన్నాను. సరిగ్గా పదకొండడుగుల రెండంగుళాల దగ్గర అడ్డం ఉంది, ప్రహరీ గోడ పక్కన, బాదం చెట్టు కింద. ఈలోగా మీ పిన్ని నన్ను నమ్మక ప్లంబర్ని పిలిచింది. వచ్చాడొకడు, పీచులాంటి మనిషి. పెరట్లో ఛాంబరు మూత తీశాడు, తొంగి చూశాడు, మొహంలో నెత్తుటి చుక్క లేదు. చటుక్కున మూత పడేశాడు. ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా? పరిగెత్తుకొచ్చి నా మంచమెక్కి, కాళ్ళు ముడుచుకుని, దుప్పటి ముసుగు పెట్టాడు."

"ప్లంబరా?"

"ప్లంబరే. పోన్లే పాపం, గుండె ధైర్యం అందరికీ ఉండొద్దూ. నువ్విక్కడే కూర్చో నాయనా అని నేనే వెళ్ళాను. ఆ మూత నలుగురు గునపాలేసి లేపాలి. నేను చిటికెన వేలితో లేపాను. లోపల చూద్దును గదా, చెట్టు వేర్లు."

"వేళ్ళా?" అన్నాడు టీ కొట్టాయన.

"వేర్లు," అన్నాడు బాబాయ్ చిరాగ్గా. "వేర్లు అనాలి. మనిషన్నవాడు మాట స్పష్టంగా మాట్లాడాలి. అది లేకే కొంపలు మునుగుతున్నాయి."

ఇంత చిన్నదానికి ఆయనకెందుకు కోపమొచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారు టీ చప్పరించి, "సరే, వేర్లే. తర్వాత?" అన్నాడు.

"పైపు అతుకు దగ్గర సందు చూసుకుని దూరి, చిక్కుపడ్డ జుట్టులా లైనంతా అల్లుకున్నాయి. ప్లంబర్లు వీటికి ఇనప కేబులు తెస్తారు. దాన్ని తిప్పుతూ లోపలికి తోస్తే చివరున్న కత్తి వేర్లని కోస్తుంది. నాకు కేబులెందుకు? చెయ్యి పెట్టి ఒక్క లాగు లాగాను. పైన బాదం చెట్టు తల వంచింది. రెండో లాగుకి కాయలన్నీ రాలాయి. మూడో లాగుకి చెట్టు రెండడుగులు నడిచి నా పక్కకొచ్చి నిలబడింది."

"నిన్న చూస్తే గోడ పక్కనే ఉందే?" అన్నాడు దర్జీ.

"మళ్ళీ నేనే వెనక్కి పంపించాను. పక్కింటివాళ్ళకీ నీడ కావాలి కదరా. అడ్డు రాకు. వేరు వస్తూనే ఉంది. చుట్టి పెరట్లో పడేస్తే పెరడు చాల్లేదు, డాబా మీదేస్తే డాబా చాల్లేదు. వేరు పట్టుకుని సామాన్లు రావడం మొదలుపెట్టాయి. మూడు చెంచాలొచ్చాయి, మన దర్జీ కత్తెర్లు రెండొచ్చాయి, మాస్టారి కళ్ళజోడొచ్చింది."

"నా కళ్ళజోడు నా మొహం మీదే ఉందయ్యా."

"ఇది మీరింకా పోగొట్టుకోని జోడు మాస్టారూ. ముందుజాగ్రత్తగా వచ్చింది. ఆ తర్వాత ఏమొచ్చిందో తెలుసా? సైకిలు. గంట మోగుతూ."

"పైపెంత లావు?"

"ఆరంగుళాలు."

"ఆరంగుళాల పైపులో సైకిలా?"

"పక్కకి తిప్పి లాగాను."

"మరి గంట ఎవరు మోగించారు?" అన్నాడు దర్జీ.

"పోస్టుమాన్. పాతికేళ్ళ కింద ఉత్తరం పట్టుకుని అడ్రసు వెతుక్కుంటూ పోయినవాడు. ఈ నంబరు ఇల్లిదేనా అన్నాడు, ఇదే అన్నాను, చేతిలో పెట్టాడు. విప్పి చూద్దును గదా, 'తమరి మెయిన్ లైన్ దగ్గర బాదం మొక్క నాటవద్దు' అని ఉంది. ఏం లాభం? అడ్డం అప్పటికే ఊడింది. ఊడేసరికి నీళ్ళు కదిలాయి. మా ఇంటివే అనుకున్నారా? మా వీధివి, పై వీధివి, ఊరు ఊరంతటివీ. గ్లాసుల్లో టీ కూడా లైను లాక్కుపోయింది. పక్కింటాయన కళ్ళలో నీళ్ళు లాక్కుపోయింది, వారం నుంచి ఏడుస్తున్నవాడు నవ్వేశాడు. ఆ ఊపుకి సముద్రం జానెడు దిగిపోయి, ఓడలవాళ్ళు ఫోన్ చేసి, 'అయ్యా, కాస్త మెల్లిగా వదలండి' అని బతిమాలారు. సరే పొండని మూత వేశాను. గడియారం చూస్తే అయిదుకి ఒక్క నిమిషం. వరండాలో మిషన్ లేదు. లోపల్నించి టకటకమని చప్పుడు. మీ పిన్ని దిండు గలీబు కుడుతోంది." బాబాయ్ మీసం దువ్వుకున్నాడు. "అదీ సంగతి."

లోపలి బల్ల దగ్గర మనిషి గ్లాసు పెట్టేసి ఇటు తిరిగాడు. పీచులాంటి మనిషి. "మిషన్ లోపలికెళ్ళిన మాట నిజమేనండి," అన్నాడు. "మోయడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. ఆ ప్లంబర్ని నేనే."

బాబాయ్ మడిచిన కాళ్ళు కిందికి దించాడు.

"అయితే నువ్వు చెప్పవయ్యా," అన్నాడు మాస్టారు.

"చెప్పేదేముందండి. లైన్లో నేను కోసినవాటికంటే ఈయనిక్కడ కోసిన కోతలే ఎక్కువ. మూత తీసి చూసి, కిటికీలోంచి కేకేశాను. 'బాబుగారూ, మీ మెయిన్ లైన్లో వేళ్ళున్నాయండీ, ఒకటీ అరా కాదు, గుత్తులు గుత్తులు' అని. మా పనిలో వేర్లని వేళ్ళనే అంటామండి. ఈయన మొహం తెల్లగా పాలిపోయింది. ఒక్క మాటడిగారు."

"ఏమని?"

"'ఎవరివి?' అని."

నవ్వాపుకోలేక దర్జీ బల్ల మీద నుంచి జారిపడ్డాడు.

"నేను జవాబు చెప్పేలోగా మంచమెక్కేశారండి. 'మాకేం తెలీదు, మా ఇంట్లో అందరికీ పదేసి ఉన్నాయి' అని దుప్పట్లోంచి అంటూనే ఉన్నారు. అమ్మగారే నడుం బిగించి నాతోపాటు కేబులు పట్టారు. నీళ్ళు పోయాక మెట్ల మీద కూలబడి అరగంట నవ్వారు. 'ఈ మనిషిని ఇలా వదిలేసి ఎక్కడికి పోతాను, ఆ మిషన్ ఒక చెయ్యి పట్టు బాబూ' అన్నారు."

నవ్వులు ఆగేదాకా బాబాయ్ ఓపికపట్టాడు. "అయిందా? ఇప్పుడు చెప్పండి. మిషన్ లోపలికెళ్ళిందా లేదా? ఎవరి వల్ల వెళ్ళింది?"

బాబాయ్ మళ్ళీ కాళ్ళు మడిచి, గెలిచినవాడిలా ఛాతీ విరిచి, ఇంకో టీ చెప్పాడు.

టీ కొట్టాయన పొగలు కక్కుతున్న గ్లాసు అంచు పట్టుకుని చెయ్యి చాపాడు. "త్వరగా అందుకో బాబాయ్, వేళ్ళు కాలిపోతున్నాయి."

"ఎవరివి?" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.