ఓట్లేసి తీసేసిన ప్లూటో

2006 ఆగస్టు ఆఖరు. గద్వాల దగ్గర ఒక ఊరి హైస్కూలు వరండా. సైన్సు చెప్పే యాకూబ్ సారు ముందర, ఏడో తరగతి సౌందర్య వాళ్ళ అవ్వ భీమమ్మ.

"నేను కూసోను సారూ. నిలవడే అడుగుత. మా సౌందర్య పేరు ఎందుకు తీసేసిండ్రు?"

"జర నిమ్మలంగ అవ్వా. గంత ఎండల నడ్సుకుంట వచ్చినవ్. నీళ్ళు తాగు."

"నీళ్ళు మా ఇంట్ల ఉన్నయి. ఎందుకు తీసేసిండ్రో చెప్పు."

"నేను తీయలే అవ్వా. పెద్దోళ్ళు తీసిండ్రు."

"హెడ్మాస్టరా?"

"కాదు. ఇంకా పెద్దోళ్ళు."

"ఎమ్మీవోనా?"

"కాదవ్వా! ప్రాగ్ అని ఒక పట్నం ఉన్నది, శానా దూరం. దునియల ఉన్న పెద్ద పెద్ద సైంటిస్టులు ఆడ మీటింగు పెట్టుకొని, చేతులెత్తి ఓట్లేసి తీసేసిండ్రు."

"మా పిల్ల మీద ఓట్లేసిండ్రా?"

"ఔ... అంటే, నీ మనవరాలి మీదని కాదు..."

"ఎంతమంది ఏసిండ్రు?"

"నాలుగు నూర్ల మంది పైన్నే ఉండిరి."

"నాలుగు నూర్లా! మా వార్డు మెంబరుకు గూడ గన్ని పడలే. అది ఎవల్ని ఏమన్నదని సారూ? నోట్ల నాలిక లేని పిల్ల."

"ఏమనలే అవ్వా. చిన్నగున్నది అన్నరు."

"ఏడో తరగతి పిల్ల చిన్నగుండక నీ అంత ఉంటదా?"

"అదొక్కటే కాదు. అది తిరిగే తొవ్వ అది సాఫ్ చేసుకోలేదంట. గ్రహమన్నాక దాని తొవ్వ..."

"ఏమంటివి? సాఫ్ చేస్తలేదా? పొద్దుగాల లేసి మా వాకిలి ఊడ్సేది ఎవలనుకున్నవ్? సందు మొత్తం ఊడుస్తది! గా మీటింగోళ్ళను ఒక్కసారి మా సందుకు రమ్మను, చూస్తరు!"

"ఆగు, ఆగవ్వా. నువ్వు సౌందర్య ముచ్చట చెప్తున్నవ్. నేను ప్లూటో ముచ్చట చెప్తున్న."

"ప్లూటో ఎవలు? ఆ పిల్ల తప్పు చేస్తే మా పిల్ల మీద ఏసిండ్రా?"

"పిల్ల కాదవ్వా, గ్రహం! పంద్రాగస్టు నాడు నువ్వొచ్చినవ్ గద, గ్రౌండుల సున్నంతోని గుండ్రాలు గీసిన. నడుమ సూర్యుడు. చుట్టు తొమ్మిది మంది పిల్లలు, తొమ్మిది గ్రహాలు. యాదికున్నదా?"

"ఎందుకు లేదు. నడుమ పిల్లగాండ్లు ఉరుకుతుండిరి. మాది ఒక్కతే కంచె కాడ, అందర్కంటె ఎనక, చీమ నడ్సినట్టు నడ్సింది. కాలు నొస్తున్నదేమో అనుకున్న."

"అదే ప్లూటో. సూర్యునికి శానా దూరం. ఒక్క సుట్టు తిరగనీకె మన లెక్కల రెండు నూర్ల నలభై ఎనిమిది ఏండ్లు పడ్తది."

"ఓహో. గందుకే నెల రోజులు బడి ఇడ్సినంక ఇంటికొచ్చెటాల్లకు పొద్దుగూకుతుండె. ఏమే అంటే ప్రాక్టీసు అనేది. బర్రెలు గూడ దానికంటె ముందు ఇల్లు చేరుతుండె."

"మంచిగ చేసింది అవ్వా. అందర్కంటె కష్టం దాందే. ఉరుకుడు సులువే. మెల్లగ నడ్సుడే కష్టం."

"మరి గంత మంచిగ చేస్తే ఎందుకు తీసినవ్?"

"పోయిన శుక్రారం పేపర్ల వచ్చింది, ప్లూటో ఇగ గ్రహం కాదు అని. ఇంకా గసుంటియి శానా దొరుకుతున్నయంట, అన్నిట్ని గ్రహాలంటే ఎట్ల అని తీసిండ్రు. నేను క్లాసుల పేపరు చదివి... అన్న."

"ఏమన్నవ్?"

"సౌందర్యా, నువ్వు ఇగ లేవు, పోయి కూసో... అన్న."

"గంతేనా?"

"గంతే. పిల్లలు నవ్విండ్రు. నేను గూడ నవ్విన."

"అది నవ్విందా?"

"క్లాసు మొత్తం నవ్వింది."

"దాన్ని అడుగుతున్న సారూ. అది నవ్విందా?"

"చూడలే అవ్వా."

"నేను చూసిన. ఇంటికొచ్చి పుస్తకాల సంచి మూలకు పడేసింది. నన్ను తీసేసిండ్రు అన్నది. ఎవలే అంటే, సారు అన్నది. వాళ్ళ నాయిన ఇన్నడు. తెల్లారి చేనుకు తోల్కపోయిండు."

"ఏ చేనుకు?"

"సీడు పత్తి చేనుకు. పూలకు పూలు రుద్ది ఇత్తనం పట్టనీకె చిన్న చేతులు కావాలె గద. ఎప్పటికెల్లో అడుగుతుండె వాడు. నేను ఆపుతుంటి. ఇప్పుడు ఇస్కూలోళ్ళే తీసేసిండ్రు, ఇగ నేనేం చేయాల్నే అన్నడు."

"యా అల్లా! జరమొచ్చింది అనుకుంటున్న నేను."

"అడిగినవా ఎవల్నన్న?"

"అడగలే."

"ఐదు రోజులాయె."

"ఔనవ్వా. కానీ బడిల పేరు ఎవలు తీసిండ్రు? ఎవలు చెప్పిండ్రు నీకు?"

"అదే చెప్పింది. రాత్రి బువ్వ తినుకుంట, అవ్వా, రిజిస్టర్ల నా పేరు ఎర్ర పెన్నుతోని కొట్టేసిండ్రు అన్నది. గందుకే వచ్చిన, లేకుంటె నేనెందుకొస్త?"

"ఇగో రిజిస్టరు. చూడు."

"నాకు చదువొస్తదా చూడనీకె?"

"నా వేలు చూడు. ఇది సౌందర్య పేరు. ఎర్ర గీత యాడన్న ఉన్నదా?"

"లేదు. పక్కన ఇయ్యేంది, ఐదు గుర్తులు?"

"రాలేదని పెట్టినయి. పేరు ఉన్నది. నా మీద ఒట్టు, ఎవలు కొట్టలే."

"జర ఆగు సారూ. గా ప్లూటోను తీసేసిండ్రు గద. ఇప్పుడది యాడున్నది? కింద పడ్డదా?"

"యాడ పడ్తదవ్వా? ఆడనే ఉన్నది. తిరుగుతనే ఉన్నది."

"ఓట్లేసినంక గూడ?"

"ఓట్లేసినంక గూడ."

"అదే ఆగనప్పుడు మా పిల్లను ఎందుకు కూసోమన్నవ్? చెప్పు సారూ. చదువుకున్నోనివి."

"తప్పైంది అవ్వా. నడువు, నా బండెక్కు. చేనుకు పోదం."

"గా టీవీఎస్ బండా? నేనెన్నడు ఎక్కలే. పడ్తే?"

"నన్ను గట్టిగ పట్టుకో."

"పరాయి మొగోన్ని పట్టుకోవాల్నా ఈ వయసుల?"

"సీటన్న పట్టుకో అవ్వా!"

*

పత్తి చేను పక్కన బీడు. పొద్దుగాలి పని ఒడ్సి, బువ్వలు తినే యాళ.

"అవ్వా, కండ్లు తెరువు. వచ్చినం."

"ఆగిందా నీ బండి? నిజంగ ఆగిందా?"

"ఆగింది, దిగు. సౌందర్యా! ఓ సౌందర్యా!"

"సార్! ఆడనే ఆగుండ్రి! ముంగటికి రావద్దు!"

"ఏమాయె? పామా?"

"కాదు సార్, శని తొవ్వల నిలవడ్డరు మీరు. శని వస్తున్నది, జరగుండ్రి!"

"ఓ సారూ, ఈ బూడిద గీతలేంది? ఈ పిల్లలేంది, గానుగెద్దుల్లెక్క తిరుగుతున్నరు?"

"అవ్వా, జర ఆగు, చూడనీ. సౌందర్యా, నడుమ గా నీళ్ళ డ్రమ్ము..."

"సూర్యుడు సార్. మనుషులు సరిపోలే."

"మీ నాయిన ఏడి?"

"మందు డబ్బాలకు గద్వాలకు పోయిండు."

"గా ఉరికే పిల్ల ఎవలు?"

"ఫిర్దోస్ సార్, బుధుడు. ఎంత చెప్పినా మెల్లగ ఉరకదు. భూమి జయశ్రీ. మూడో తరగతి చదివి మానేసింది. గురుడు లక్ష్మి, అసలు బడికే పోలే. నాతోని పూలు రుద్దే ఎనిమిది మందికి నేర్పిన, ఒక్కొక్కరోజు ఇద్దరికి. నేను గా గట్టు మీద తిరుగుత."

"ప్లూటోనా?"

"ఇంకెవలు? పేరు తీసేస్తే తీసేసిండ్రు. తిరగొద్దనైతే అనలే గద సార్?"

"అనలే బిడ్డా. నేనే తప్పు చేసిన. ఇగ ఎవలు కూసోమన్నా కూసోకు. రేపు బడికి రా. మీ నాయినతోని నేను మాట్లాడుత."

"నువ్వేం మాట్లాడుతవ్ సారూ? వాడు నా కొడుకు. నేను మాట్లాడుత. నా ముంగట నోరెత్తడు. కానీ ఓ పిల్లా, నాకెందుకు అబద్దం చెప్పినవ్? పేరు కొట్టేసిండ్రంటివి. సారు వేలు పెట్టి చూపిచ్చిండు, ఎర్ర గీత లేదు ఏం లేదు. ఇజ్జత్ పోయింది నాది."

"కొట్టలేదని నాకు తెల్సు అవ్వా."

"తెల్సి చెప్పినవా?"

"మరి ఊకెనే పో అంటె నువ్వు బడికి పోతుంటివా? నువ్వు పోయి లొల్లి చేయకుంటె సారు చేనుకు వస్తుండెనా? సార్, జేబుల పెన్నున్నది గద, తియ్యుండ్రి. ఫిర్దోస్, జయశ్రీ, లక్ష్మి... ఓ పిల్లలూ, తిరిగింది సాలు, ఇటు రాండ్రి! సారు మీ పేర్లు రాసుకోనీకె వచ్చిండు!"