ఎడమ చుట్ల ముడి

వాచీలు బాగుచేసే బావ ఆ సాయంత్రం కొట్టు పెందరాళే కట్టేసి ఇంటికొచ్చాడు. ముందుగదిలో చాప మీద గాలాలు, తంగూసు దారపు చుట్టలు, సీసం గుళ్లు పరుచుకుని కూర్చుని, బావమరిది గడపలో కాలు పెట్టగానే తగులుకున్నాడు. పక్కగదిలో భార్య కుట్టుమిషను తొక్కుతోంది. ఉడికిపోతున్న మనిషికి ఆ చప్పుడు చెవికెక్కితేగా!

“కూర్చోడం తర్వాత. ముందు ఇది చూడు.”

“ఏంటి బావా అది?”

“గాలం.”

“గాలమే. అయితే?”

“నీ రెండో కర్రకి కట్టి ఉంది. మా తలుపు చాటున పెడతావే, ఆ కర్రకి. ఈ ముడి ఎవరు వేశారు?”

“నేనే.”

“నువ్వా?”

“నేనే బావా. నా కర్రకి నేను కాక ఇంకెవరేస్తారు?”

“ఒరేయ్, నీ ముడి నాకు తెలీదా? తంగూసు గాలం కన్నంలోంచి తెచ్చి, ఐదు చుట్లు చుట్టి, ఉమ్మితో తడిపి లాగమని నాకు నేర్పిందే నువ్వు. నీ చుట్లు గడియారం తిరిగే వైపు తిరుగుతాయి. నావీ అంతే. ఇవి చూడు, ఎదురు తిరిగాయి.”

“ఏదో పరధ్యానంలో వేసుంటాను.”

“పరధ్యానంలో వేస్తే ముడి తప్పుతుంది, ఇంత ముచ్చటగా రాదు. పొద్దస్తమానం పళ్ల చక్రాలు చూసేవాణ్ని, ఏది ఎటు తిరిగిందో నాకు చెప్పకు.”

“ముందా భూతద్దం కంటి మీంచి తియ్ బావా. భయమేస్తోంది.”

“వెయ్యాల్సిందే. ఈ కొస చూడు. మనం నెయిల్ కట్టరుతో తెంపుతాం. ఇది పళ్లతో కొరికేశారు, మొదలంటా. ఎవడ్రా వాడు, మనిషా ఎలుకా?”

“ఎవడూ లేడు.”

“లేడూ? రీలు పిడి కూడా ఆ లేనివాడే మార్చాడా? ఎడం పక్కనుండే పిడి కుడి పక్కకొచ్చింది. అంటే ఎడం చేత్తో విసిరి, కుడి చేత్తో చుట్టుకుంటాడు. పైగా రీలుని మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి పెట్టారు. నువ్వు జన్మలో రీలు కడిగావా? సముద్రపు ఉప్పు పట్టి కిర్రుకిర్రుమంటుంటే ఊడదీసి నూనె వేసేవాణ్ని నేను.”

“ఇప్పుడు కడగడం కూడా తప్పేనా?”

“కడగడం కాదు, ఎవరు కడిగారన్నది…”

“ఏమండీ! ఏంటా అరుపులు? మిషను చప్పుడులో కూడా వినపడుతున్నాయి.”

“నీకేం సంబంధం లేదులే. గాలాల గొడవ. నీకర్థం కాదు, నీ పని చూసుకో.”

“సరే. చూసుకుంటున్నా.”

“అక్క మీద ఎందుకు కసురుకుంటావు?”

“మాట మార్చకు. గాలాల షాపాయన అంతా చెప్పాడు.”

“ఏం చెప్పాడు?”

“అదిగో, మొహం మారిపోయింది.”

“మారలేదు. ఏం చెప్పాడు?”

“మధ్యాహ్నం సీసం గుళ్లకని వెళ్లాను. రేపు జోడీల పోటీ కదా, మన పేర్లు ఇచ్చి పోదామనుకున్నా. ‘మీ బామ్మర్ది ఎప్పుడో ఇచ్చేశాడుగా’ అన్నాడు. పోన్లే, పని తప్పింది అనుకున్నా. అప్పుడు నవ్వాడు. ‘కానీ ఆయన జోడీ మీరు కాదు’ అన్నాడు. ఎవరయ్యా అంటే, ‘మీ బావాబామ్మర్దుల మధ్య నన్ను లాగకండి’ అని మళ్లీ నవ్వు. షాపులో నలుగురున్నారు. తల కొట్టేసినట్టయింది.”

“నేనే చెబుదామనుకున్నా బావా.”

“ఎప్పుడు? కప్పు పుచ్చుకున్నాకా?”

“ఇవాళే. అందుకే వచ్చాను.”

“అంటే నిజమేనన్నమాట!”

“నిజమే.”

“ఇన్నేళ్లూ ప్రతి పోటీకీ మనిద్దరమే. ఒక్కసారీ గెలవలేదనుకో, అది వేరే సంగతి. కలిసి ఓడిపోయాంరా! నీకొకటి నాకొకటి, ఒకే రంగు టోపీలు కూడా కొన్నాను ఈసారి. ఇప్పుడు ఆ రెండోది ఎవడి నెత్తిన పెట్టను?”

“టోపీలు కొన్నావా?”

“నీలం రంగువి. చెవుల మీదకి కూడా వస్తాయి, ఎండ తగలకుండా. సరేలే, అదొదిలెయ్. పళ్ల డాక్టరేనా?”

“ఎవరు?”

“తెలీనట్టు అడక్కు. పళ్ల డాక్టరుది ఎడంచేతి వాటం. నాకు ఇంజక్షన్ ఎడం చేత్తోనే పొడిచాడు. కారుంది, ఐసుపెట్టె ఉంది, చేతిలో ఉందో లేదో తెలీనంత తేలిక కర్ర ఉంది. నా దగ్గరేముంది, డొక్కు స్కూటరు తప్ప!”

“డాక్టరుకి ఎర గుచ్చడమే రాదు బావా. రొయ్యని నడుం దగ్గర పొడుస్తాడు. విసరగానే రొయ్య ఓ పక్క, గాలం ఓ పక్క.”

“తోక నుంచి గుచ్చాలని తెలీదా?”

“తెలీదు.”

“పాపం. అయితే ఫొటో స్టూడియో వాడు.”

“కాదు.”

“పోస్ట్‌మాన్? క్యారమ్స్ ఎడం చేత్తోనే కొడతాడు.”

“ఊళ్లో ఎడంచేతి వాళ్లందర్నీ లెక్కేశావా ఏంటి?”

“మధ్యాహ్నం నుంచీ అదే పని. ఒక్క వాచీ ముట్టుకుంటే ఒట్టు.”

“ఇంకెవరూ గుర్తురాలేదా?”

“ఇంకెవరున్నారు?”

“బాగా ఆలోచించు.”

“ఆలోచించే ఓపిక లేదురా. ఇంత వయసొచ్చి ఇదేం కుళ్లురా అని నన్ను నేనే తిట్టుకుంటున్నా, అయినా పోవట్లేదు. ఎప్పుడు వెళ్తారు మీరు?”

“బుధవారాలు. నాకు బస్సు డిపోలో ఆ రోజు కూడా సెలవు కదా.”

“నేను కొట్లో తల వంచుకుని కూర్చున్నప్పుడు! పడుతున్నాయా?”

“ఏదో…”

“పడుతున్నాయా, లేదా?”

“పడుతున్నాయి. పండుగప్పలు. మొన్నొకటి నిలబెడితే మోకాలి దాకా వచ్చింది.”

“మోకాలి దాకా! నాతో వస్తే అరచేతికి మించి పడదు. నాతో వస్తే నీకు నిద్ర ముంచుకొస్తుంది, రాళ్ల మీదే గుర్రు పెడతావు. అక్కడేమో పండుగప్పలు!”

“నువ్వు ఊరుకోవు బావా. కబుర్లు చెప్తావు, పాటలు పాడతావు. వాళ్లు అలా కాదు. ఆటు నీళ్లు అయిపోయేదాకా గాలం తడవనివ్వరు. పోటు మొదలై నీళ్లు రాళ్లెక్కుతుంటే అప్పుడు లేచి నురగ అంచున వేస్తారు. అంతే.”

“వాళ్లా? లేస్తారా? వేస్తారా? మర్యాద కూడానా! నన్నెప్పుడైనా ‘మీరు’ అన్నావా?”

“నువ్వేగా వద్దన్నావు.”

“వద్దంటే మానేస్తావా! సరే, నేను పాడను. రేపు నోటికి గుడ్డ కట్టుకుని కూర్చుంటా. ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి, మా బావే వస్తాడట అని చెప్పెయ్.”

“చెప్పలేను బావా.”

“చెప్పలేవా? అయితే నేనూ పళ్ల డాక్టరుతో జోడీ కడతా. ఎర నేను గుచ్చి ఇస్తా. మీ ఎదురుగానే కూర్చుని వేస్తాం. అన్నట్టు, మీరు వేసేది ఎక్కడ? మన చోట కాదుగా?”

“గట్టు మీదే, రాళ్ల దగ్గర.”

“ఒరేయ్. విరిగిన లైటు స్తంభం దగ్గర కాదుగా?”

“అక్కడే.”

“అయ్యో, అయ్యో! ఆ రాయి కూడా ఇచ్చేశావా! మా అన్నయ్య ఎన్నిసార్లు అడిగాడో తెలుసా ఆ చోటెక్కడని? తోడబుట్టినవాడికి అబద్ధం చెప్పానురా నీకోసం!”

“నేను చూపించలేదు బావా. నాకే వాళ్లు చూపించారు.”

“ఏంటీ?”

“ఆ చోటు నాకు చూపించింది వాళ్లే. నేను నీకు చూపించాను. ముడీ అంతే. వాళ్లు నాకు నేర్పారు, నేను నీకు నేర్పాను. నాది కుడిచేతి వాటం కాబట్టి చుట్లు ఇటు తిరిగాయి.”

“అంటే నాకన్నా ముందా?”

“చాలా ముందు. అప్పటికి నాకింకా మీసాలు కూడా రాలేదు.”

“మరి నా పెళ్లైన మర్నాడే నువ్వొచ్చి, ‘పద బావా, గట్టు మీదికి’ అన్నావే! నేను మొదటి గాలం వేసింది నీ పక్కనే కదరా. నీకు తోడెవరూ లేరేమో, నేను దొరికానని సంబరపడ్డావేమో అనుకున్నా.”

“నాన్న పంపాడు. కొత్తల్లుడికి తోచట్లేదు, తీసుకెళ్లరా అన్నాడు. ఆ రాయి మీద ఇద్దరికే చోటు. మనిద్దరం వెళ్లాం. మూడో మనిషి ఇంట్లో ఆగిపోవాల్సొచ్చింది.”

“ఒక్కరోజుకేగా!”

“ఆ తర్వాత ప్రతి ఆదివారమూ నువ్వే వచ్చావు. వద్దని ఎలా అనను? నువ్వంటే నాకూ ఇష్టమే బావా, అబద్ధమెందుకు.”

“ఆ మనిషి ఒక్క మాటైనా అనలేదా?”

“అన్నారు. నీతోనే. ‘నేనూ రానా?’ అని ఒకసారి అడిగారు.”

“నాతోనా? నన్నెవరడిగారు!”

“అడిగితే నువ్వు, ‘రాళ్ల మీద కాలు జారి పడతావు, ఎందుకొచ్చిన గొడవ, మేం తెస్తాం, నువ్వు కోసి పెడుదువు గానీ’ అన్నావు.”

“నేనా? నేనెవరితో అన్నాను అలా? నేనలా… ఆగు. మిషను చప్పుడు ఎప్పుడు ఆగింది?”

“ఇందాకే ఆగిందండీ. ఆ కర్ర ఇలా ఇవ్వండి, మీరు పీకిపీకి ముడి వదులు చేసేశారు.”

“నువ్వా! బుధవారం బజారుకని వెళ్తావు కదా? లైనింగు గుడ్డలకని!”

“గుడ్డలూ తెచ్చాను, చేపలూ తెచ్చాను. ఏ బజారులో కొన్నావు, ఎంత బాగున్నాయో అని తిన్నారుగా.”

“చెయ్యి… ఎడం చెయ్యి! రోజూ నా కళ్లెదుటే కత్తెర పట్టుకుంటావు. ఊరంతా వెతికాను, నువ్వు ఒక్కసారి కూడా…”

“తట్టలేదు. వింటూనే ఉన్నాను.”

“సరే, తప్పే. కానీ నువ్వైనా ఒక్క మాట చెప్పొచ్చు కదే. ఇన్నేళ్ల నా జోడీని చెప్పాపెట్టకుండా లాక్కుంటావా?”

“లాక్కోలేదండీ, వెనక్కి తెచ్చుకున్నాను. పెళ్లైన మర్నాడు మీరిద్దరూ భుజాన కర్రలేసుకుని నవ్వుకుంటూ వెళ్తుంటే, మొగుణ్ని చూసి కుళ్లుకోవాలో తమ్ముణ్ని చూసి కుళ్లుకోవాలో తెలీక గుమ్మంలో నిలబడి ఏడ్చాను. మీకా కుళ్లు ఇవాళ మధ్యాహ్నం నుంచేగా.”